నలభై మిషన్లకు ఒకటే పేరు

సోమవారం పొద్దున్న నీటి సరఫరా ఆఫీసులో నలభై ఫిర్యాదుల కిటికీలూ ఒక్కసారే మూగబోయాయి. కొత్తగా తెచ్చిన నలభై కంప్యూటర్లూ మీట నొక్కగానే చక్కగా వెలిగాయి. ఆపైన అన్నీ కలిసి ఒకటే పేరు చెప్పాయి: "తయారీ-1". ఆఫీసు నెట్‌వర్క్ ముందొచ్చినదాన్ని లోపలికి రానిచ్చి, తక్కిన ముప్ఫై తొమ్మిదింటినీ దొంగల కింద జమకట్టి గుమ్మంలోనే ఆపేసింది. లోపలికెళ్లిన ఆ ఒక్కదానికీ కిటికీ నంబరు లేక పని దొరకలేదు. కుళాయి రావడంలేదనీ, పైపు పగిలిందనీ చెప్పుకోవడానికి వచ్చిన జనం మెట్ల దాకా బారులు తీరి, నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లిపోయారు. ఆ తిట్లన్నీ మూటగట్టి తెచ్చి సీలమ్మ నెత్తిన పెట్టారు పెద్దసారు.

సీలమ్మ అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఆ ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఏ మిషన్ పని పూర్తయినా దాని మీట మీద ఓ కాగితం చీటీ అంటించి, అడ్డంగా సంతకం గీకి, "సీలు వేశాను, ముట్టుకోకండి" అనడం ఆమె అలవాటు. ఆ అలవాటే పేరై కూచుంది. పెళ్లై రెండు నెలలు. భర్త దర్జీ. పెళ్లాం స్క్రూడ్రైవర్ ఎప్పుడూ ఎక్కడో మరిచిపోతోందని, ఆమె చొక్కాలన్నిటికీ లోపలివైపు పొడుగాటి జేబు కుట్టిపెట్టాడు. ఎంత చికాకులో ఉన్నా ఆ జేబులో చెయ్యి పెడితే చాలు, ఆమెకి నవ్వొచ్చేది.

మంగళవారం పొద్దున్న కూడా నవ్వొచ్చింది. బల్ల మీద ఉత్తరం చూశాక పోయింది.

"నా అజాగ్రత్త వల్ల..." అని మొదలయ్యే ఉత్తరం. రాసింది పెద్దసారు. ఆమె రాసినట్టుగా రాశారు. కింద సంతకానికి చోటు వదిలారు.

"పన్నెండింటిలోపు పెట్టెయ్ అమ్మాయ్," అన్నారు ఆయన, కంప్యూటర్ల విభాగానికి తానే అధిపతినన్న సంగతి తన కుర్చీకి కూడా తెలిసేలా కూచుని. "ఉద్యోగం ఖాయమయ్యే నీ ఆర్నెల్ల గడువు తీరడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది, మచ్చా ఉంటుంది. పెట్టకపోతే రెండూ ఉండవు."

"చెయ్యని తప్పుకి సంతకం ఎలా పెడతాను సార్?"

"నువ్వు చెయ్యకపోతే మిషన్లు కూడబలుక్కుని ఒకటే పేరు పెట్టుకున్నాయా?"

జరిగింది ఇదీ. నలభై కంప్యూటర్లని విడివిడిగా తయారు చెయ్యాలంటే నెల పడుతుంది. అందుకని విడిగా ఇంకొకదాన్ని ముందు పెట్టుకుని, ఫిర్యాదుల ప్రోగ్రాం మొదలు ప్రింటర్ల దాకా, ఆఖరికి అక్షరాల సైజుతో సహా అన్నీ అందులో సర్దుతారు. దాన్ని తల్లి అంటారు. పనంతా అయ్యాక తల్లి పేరూ, గుర్తింపు నంబరూ చెరిపేసి ఆర్పేస్తారు. అలా పేరు లేకుండా నిద్రపోతున్న తల్లి నకలుని నెట్‌వర్క్ మీదుగా నలభైకీ పంపితే, ప్రతి పిల్లా మొదటిసారి కళ్లు తెరిచినప్పుడు నేనెవర్నని అడిగి, తన కిటికీ నంబరే తన పేరుగా పెట్టుకుంటుంది. ఒక్కటే నియమం. పేరు చెరిపాక, నకలు తీసేదాకా తల్లిని ఎవరూ లేపకూడదు. లేపితే అది మళ్లీ ఓ పేరు పెట్టుకుంటుంది. ఆ పేరే పిల్లలందరికీ అంటుకుంటుంది.

సీలమ్మ శుక్రవారం సాయంత్రం పేరు చెరిపింది. ఆర్పింది. చీటీ అంటించింది. సోమవారం తెల్లారగానే వచ్చి, తల్లిని లేపకుండానే నెట్‌వర్క్ మీద నకలు లాగి పంపింది. నడుమ రెండు రోజులు సెలవు. ఆ రెండు రోజుల్లో ఎవరో తల్లిని లేపారు. ఎవరో తెలియాలంటే తల్లి దినచర్య చూడాలి. ఏ నిమిషాన లేచిందో, ఎవరు లేపారో, తనకేం చేశారో మిషన్ తనలో తనే రాసుకుంటుంది. ఆ తల్లినేమో పెద్దసారు సోమవారమే తన బీరువాలో పెట్టి తాళం వేశారు.

"విచారణ అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు," అన్నారు ఇప్పుడు కూడా.

"విచారణ ఎవరు చేస్తారు సార్?"

"నేనే."

"బీరువా తాళం?"

"నా దగ్గరే ఉంది."

"బావుంది సార్," అంది సీలమ్మ. ఉత్తరాన్ని సంతకం లేకుండానే మడిచి జేబులో పెట్టుకుని హాల్లోకి నడిచింది.

హాల్లో నలభైమంది గుమాస్తాలు షట్టర్ దించి, వెలిగే స్క్రీన్ల ముందు కూచుని, ఫోన్లో వచ్చే ఫిర్యాదులు చేత్తో రాసుకుంటున్నారు. మొదటి కిటికీ అక్క దగ్గర టీ ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఆ కిటికీ ఆవిడదే. మంత్రి వచ్చి నిలబడ్డా వరసలో రమ్మనే మనిషి. సీలమ్మకి ఓ కప్పు అందించింది.

"ఏమే సీలమ్మా, నలభైమందిని కవలల్ని ఎలా కన్నావే? ఒకటే పేరు, ఒకటే మొహం. మా ఇంట్లో ఇద్దరుంటేనే గుర్తుపట్టలేక, ఒకడికే రెండుసార్లు స్నానం చేయించేదాన్ని!"

సీలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. కప్పు నోటి దగ్గరే ఉండిపోయింది.

"ఏమన్నావ్ అక్కా?"

"టీ చల్లారిపోతోందన్నాను."

"కాదు. కవలలన్నావు."

పెద్దసారు తాళం వేసింది ఒక్క తల్లికే. సోమవారం పొద్దున్న నకలు తీసేసరికి ఆ తల్లి కడుపులో ఏమేం ఉన్నాయో, అవన్నీ నలభై పిల్లల కడుపుల్లోనూ ఉన్నాయి. ప్రోగ్రాములున్నాయి, ప్రింటర్లున్నాయి, దినచర్యా ఉంది! బీరువాలో దాచిన సాక్ష్యం నలభై చోట్ల వరసగా వెలుగుతూ కూచుంది. సీలమ్మకి ఎగిరి గంతెయ్యాలనిపించింది. చేతిలో టీ ఉంది కనక ఊరుకుంది.

పదకొండున్నరకి ఆఫీసు మొత్తానికి పై అధికారి అయిన మేడం హాల్లోకి వచ్చింది. కిటికీలు రెండో రోజూ తెరవలేదేమని పై నుంచి ఫోన్లట. వెనకాలే పెద్దసారు, కాలు కాలిన పిల్లిలా.

సీలమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"మేడం, ఒక నంబరు చెప్పండి. ఒకటి నుంచి నలభై లోపల."

"ఏమిటిది, ఆటా?"

"నా ఉద్యోగం మేడం."

మేడం ఓ క్షణం చూసింది. "ఇరవై మూడు."

ఇరవై మూడో కిటికీ ముందు కూచుని, సీలమ్మ దినచర్య తెరిచింది. గుమాస్తాలు కుర్చీలతో సహా జరిగి చుట్టూ మూగారు. ఆమె వేలు పెట్టి చూపిస్తూ, చంటిపిల్లకి కథ చెప్పినట్టు చదివింది.

"శుక్రవారం సాయంత్రం అయిదూ నలభై. పేరు చెరిపి ఆర్పాను. అది నేను. శనివారం పదకొండూ పన్నెండు. ఎవరో లేపారు. పదకొండూ ముప్ఫై ఒకటి. కొత్త ప్రోగ్రాం ఎక్కించారు. పదకొండూ నలభై. ఆర్పేశారు. శనివారం నేను ఆఫీసులో లేను మేడం. గేటు దగ్గర పుస్తకం చూసుకోవచ్చు."

"ఈ మిషన్లో నువ్వే ఏదో మార్చుంటావ్," అన్నారు పెద్దసారు.

"అయితే ఇంకో నంబరు మీరు చెప్పండి సార్."

వెనకనించి ఎవరో "ఏడు!" అన్నారు. ఏడులోనూ అంతే. "నాది చూడవే, పద్దెనిమిది!" పద్దెనిమిదిలోనూ అంతే. హాల్లో హుషారు పెరిగింది. రెండు రోజులుగా తిట్లు తిన్న నలభైమందికీ ఇప్పుడు ఒకటే పండగ్గా ఉంది.

"లేపిందెవరే?" అంది మొదటి కిటికీ అక్క.

సీలమ్మ ఆ గీత మీద వేలు పెట్టి పక్కకి జరిగింది. లేపినవాళ్ల ఖాతా పేరు అక్కడే ఉంది. అది పెద్దసారుది.

"నా పాస్‌వర్డ్ ఎవరో దొంగిలించారు!"

"మీ పాస్‌వర్డ్ మీకే గుర్తుండదు కదండీ," అంది అక్క. "దొంగ పాపం ఎలా గుర్తుపెట్టుకున్నాడో."

నవ్వులు హాలు పైకప్పు దాకా పోయాయి. సీలమ్మ మాత్రం నవ్వలేదు.

"నా తప్పు కూడా ఒకటుంది మేడం. సోమవారం నేను వచ్చేసరికి మీట మీద చీటీ అంచు లేచి ఉంది. తేమకి లేచిందనుకుని వదిలేశాను. చీటీ అంటించేదే అందుకు, నేనే దాన్ని నమ్మలేదు. అది రాసిమ్మంటే ఇప్పుడే రాసిస్తాను. ఈ ఉత్తరం మీద మాత్రం సంతకం పెట్టను." జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

"అది సరే గానీ," అంది అక్క, "ఆ ఎక్కించిన ప్రోగ్రాం ఏమిటటా?"

మేడం ఉత్తరం చేతిలోకి తీసుకుంది. "నా గదిలోకి రా," అంది సీలమ్మతో.

గదిలో మేడం తలుపు తనే వేసింది. పెద్దసారు కిటికీ పక్కన నిలబడి బయట ఏదో వెతుక్కుంటున్నట్టు చూస్తున్నారు.

"శనివారం ఆయన్ని రమ్మన్నది నేనే," అంది మేడం. గొంతు పెంచలేదు. "ఆ ప్రోగ్రాం రెండు నిమిషాలకోసారి గుమాస్తా స్క్రీన్ ఫోటో తీసి పై గదికి, అంటే ఇక్కడికి, పంపుతుంది. కిటికీల దగ్గర పని ఎందుకు నత్తనడకన సాగుతోందో నాకు తెలియాలి. నిన్ను అడిగితే నలుగురికీ చెబుతావని ఆయన అన్నాడు. ఆయనకేమో పేరు చెరపాలన్న సంగతి తట్టలేదు."

అంటూ ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసింది. సొరుగులోంచి ఇంకో కాగితం తీసింది. సీలమ్మ ఉద్యోగం ఖాయమైనట్టు టైపు చేసిన కాగితం.

"నాలుగింటికి కిటికీలు తెరవాలి. ఆ ప్రోగ్రాంతో సహా తల్లిని మళ్లీ తయారు చెయ్యి. ఎవరికీ చెప్పకు. కిటికీలు తెరిచిన మరుక్షణం దీని మీద నా సంతకం ఉంటుంది."

"చెప్పకుండా ఎందుకు మేడం?"

"చెబితే అందరూ పనిచేస్తున్నట్టు నటిస్తారు."

"నిజంగానే పనిచేస్తారేమో మేడం."

"నీ తెలివి మిషన్ దగ్గర చూపించు," అని మేడం బీరువా తాళం పెద్దసారు చేతిలోంచి తీసి ఆమె ముందు పెట్టింది.

మెట్ల మలుపులో నిలబడి సీలమ్మ ఇంటికి ఫోన్ చేసింది. ఎత్తింది అత్తగారు. ముప్ఫై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటర్‌గా చేసిన మనిషి, గొంతు వినగానే మొహం చూసినట్టు చెప్పేస్తుంది.

"అత్తయ్యా, ఉద్యోగం ఖాయం చేస్తామంటున్నారు."

"పోయిందన్నట్టు చెబుతున్నావేమిటే అమ్మడూ?"

సీలమ్మ అంతా చెప్పింది. అవతల కుట్టుమిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"మేమూ లైన్లలో దూరేవాళ్లమే," అంది అత్తగారు. "లైను సరిగా ఉందో లేదో చూడాలిగా. దూరేముందు మీట టక్కుమనిపించి, ఆపరేటర్‌ని లైన్లో ఉన్నానని చెప్పేదాన్ని. దాచుకునే మాట ఉంటే దాచుకునేవాళ్లు. ఓసారి మా సూపర్‌వైజర్ చెప్పకుండా వినమన్నాడు."

"మీరేం చేశారు?"

"రెండుసార్లు టక్కుమనిపించాను."

సీలమ్మకి నవ్వు ఆగలేదు. "ఉద్యోగం పోలేదా అత్తయ్యా?"

"మూడు నెలలు ఇంట్లో కూచోబెట్టారు. నీ మొగుడు నడక నేర్చింది ఆ మూణ్ణెల్లలోనే. పనికి వెళ్లుంటే ఆ అడుగులు ఎవరో చూసి నాకు చెప్పేవాళ్లు."

కుట్టుమిషన్ ఆగింది. వెనకనించి భర్త గొంతు: "ఎవరమ్మా?"

"నీ పెళ్లాంరా. ఉద్యోగం పోగొట్టుకునేలా ఉంది."

"ఎన్నింటికి? అయితే సాయంత్రం తొందరగా వస్తుందా?"

"చూశావుగా, వీడి గోల వీడిది," అంది అత్తగారు. "నీకేం తోస్తే అది చెయ్యి. అన్నం వేడిగా ఉంచుతాను."

సీలమ్మ ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది. నవ్వుతోనో మరెందుకో ఆమెకే తెలీదు.

తయారీ గదిలో తల్లిని బల్ల మీదికి ఎక్కించి పనిలో దిగింది. మేడం పెట్టమన్న ప్రోగ్రాం పెట్టింది. పెట్టడంలో ఏ లోపమూ చెయ్యలేదు. దొంగదెబ్బ తియ్యడం ఆమెకి చేతకాదు. చెడగొట్టి చేతులు దులుపుకోవడం అసలే చేతకాదు. తరవాత, ఎవరూ పట్టించుకోని ఓ చోటు తెరిచింది. మిషన్ వెలగగానే, పాస్‌వర్డ్ కూడా అడగకముందు, ఓ మాట కనపడేలా చెయ్యవచ్చు. దాని కింద "సరే" అని ఓ మీట ఉంటుంది. అది నొక్కితేనే లోపలికి దారి. ఇన్నాళ్లూ అక్కడ "స్వాగతం" అని ఉండేది. సీలమ్మ అది చెరిపేసింది. రాసింది. బాగోలేదని కొట్టేసింది. మళ్లీ రాసింది.

"ఈ మిషన్ రెండు నిమిషాలకోసారి మీ స్క్రీన్ ఫోటో తీసి పై గదికి పంపుతుంది. మీకు చెప్పకుండా పెట్టమన్నారు. చెప్పి పెడుతున్నాను."

కింద తన పేరు పెట్టింది. సీలమ్మ అని కాదు. ఇంటిపేరుతో సహా అసలు పేరు.

అప్పుడు తల్లి పేరు చెరిపింది, ఆర్పింది, కొత్త చీటీ అంటించి నాలుగు అంచులూ గోటితో నొక్కింది. మంచినీళ్లకి కూడా లేవకుండా నకలు పంపింది. అది పోతున్నంతసేపూ, ఎవరూ చదవని ఆ ప్రోగ్రాం షరతుల్ని ఆఖరి పేజీ దాకా చదివింది. మధ్యలో పెద్దసారు తొంగిచూశారు.

"ప్రోగ్రాం పెట్టావా?"

"పెట్టాను సార్. ఇదిగో, జాబితాలో చూసుకోండి."

చూసుకున్నారు. తృప్తిగా తలాడించి వెళ్లిపోయారు.

నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా నలభై స్క్రీన్లూ ఒకదాని వెనక ఒకటి కళ్లు తెరిచాయి. కిటికీ-1, కిటికీ-2, కిటికీ-3... వరస చివరిదాకా నలభై పేర్లు, నలభై రకాలు. నెట్‌వర్క్ ఒక్కదాన్నీ ఆపలేదు. హాల్లో చప్పట్లు మోగాయి. ఎంత గొడవ నెత్తి మీదున్నా సీలమ్మ గుండె నిండిపోయింది. పని బాగా కుదిరితే వచ్చే ఆనందం వేరు. మేడం గుమ్మంలో నిలబడి, చేతిలో ఆ కాగితంతో తల పంకించింది.

చప్పట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మొదట ఎడమ వరసలో, తరవాత కుడి వరసలో.

మొదటి కిటికీ అక్క కళ్లజోడు పైకి జరుపుకుని గట్టిగా చదివింది. మొదటి మాట నుంచి కింద పేరు దాకా. చదివి, మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నొక్కండి!" అన్నారు పెద్దసారు. "సరే అని ఉంది కదా, నొక్కండి!"

"సరే కానిదానికి సరే ఎలా నొక్కుతామండీ?" అంది అక్క.

మేడం మొహంలో రంగు మారలేదు. నడిచి సీలమ్మ ముందుకొచ్చి, ఆమెకి మాత్రమే వినపడేలా అడిగింది. "తియ్యడానికి ఎంతసేపు?"

"నలభైలోంచీ కలిపి ఒక్క నిమిషం మేడం. చదివినవాళ్లు మరిచిపోవడానికి ఎంతసేపో నాకు తెలీదు."

"తియ్యి."

"తియ్యను."

అనేసి సీలమ్మ లోపలి జేబులోని స్క్రూడ్రైవర్‌ని గట్టిగా పట్టుకుంది.

బయట షట్టర్ మీద ఎవరో దబదబా కొట్టారు. నాలుగైంది. అక్క లేచి వెళ్లి షట్టర్ తనే పైకి లేపింది. వెనక్కి వచ్చి కూచోలేదు. తన స్క్రీన్‌ని రెండు చేతులా పట్టుకుని కిటికీ వైపు, జనం వైపు తిప్పింది. పక్కన రెండో కిటికీ తిరిగింది. మూడోది. హాలు పొడుగునా గరగరమంటూ బల్లల మీద స్క్రీన్లు తిరుగుతున్న చప్పుడు. పెద్దసారు రెండు వరసల నడుమ నిలబడి ఎటు పరుగెత్తాలో తెలీక అటూ ఇటూ చూశారు.

వరసలో ముందున్న ముసలాయన, చంకలో పగిలిన పైపు ముక్కతో, వంగి ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

"ఏమ్మా," అన్నాడు, "నేను ఫిర్యాదు చెప్పేటప్పుడు నా పేరూ, ఇంటి నంబరూ, ఫోన్ నంబరూ ఇందులోనే రాస్తారు కదా? అవి కూడా ఫోటోలో పైకి పోతాయా?"

ఆ ప్రోగ్రాం లోపల ఏముందో హాల్లో పూర్తిగా తెలిసిన మనిషి ఒక్కర్తే. నలభైమందీ ఆమె వైపే తిరిగారు.

మేడం చేతిలోని కాగితాన్ని సీలమ్మకి కనపడేలా కొద్దిగా ఎత్తింది. పెదవి కదిలీ కదలకుండా అంది. "నోరు విప్పావంటే రేపు రానక్కర్లేదు."

సీలమ్మ మొదటి కిటికీ దగ్గరికి నడిచింది. ముసలాయన మొహానికి ఎదురుగా నిలబడింది.

"పోతాయి తాతగారూ," అంది. "అంతే కాదు. ఆ ఫోటోలు పై గదితో ఆగవు. ప్రోగ్రాం అమ్మిన కంపెనీకీ పోతాయి."

వెనక మేడం చేతిలోని కాగితం నేల మీద పడింది. పై గది దాటి అవి ఎక్కడికి పోతున్నాయో, ఆ క్షణం దాకా మేడంకి కూడా తెలీదు.